మా అమ్మ నలుగురు

మా కొట్టులో జిరాక్స్ మిషను పక్కన ఒక పాత పచ్చడి సీసా ఉంటుంది. ఇప్పుడందులో పచ్చడి లేదు, కార్డులున్నాయి. జనం వస్తారు, జిరాక్స్ తీయించుకుంటారు, కాపీలు మడిచి జేబులో పెట్టుకుని చిల్లర లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోతారు. అసలు కార్డు మాత్రం మూత కింద అద్దం మీద బోర్లా పడి ఉంటుంది. రాత్రి షట్టర్ దించేముందు మూత ఎత్తి చూసి, దొరికినవి సీసాలో వేస్తాను. మొన్న సంక్రాంతికి కొట్టు దులుపుతూ లెక్కపెడితే 31 తేలాయి. ఆధార్లు 19, పాన్‌లు 5, ఓటరు కార్డులు 4, డ్రైవింగ్ లైసెన్సులు 3. పాన్ కార్డు మరచిపోయినవాళ్ళు సాధారణంగా గంటలో పరిగెత్తుకొస్తారు. లైసెన్సువాడు పోలీసులు బండి ఆపిన రోజున వస్తాడు. ఓటరు కార్డు తాలూకు మనిషి మాత్రం ఎన్నికలొస్తే తప్ప రాడు. వచ్చి, కార్డు చేతిలో ఉంది కదా అని ధీమాగా పోలింగు బూతుకి పోతాడు. జాబితాలో పేరు లేకపోతే ఆ కార్డు ఎందుకూ పనికిరాదని అక్కడ తెలుస్తుంది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రం. తహసీల్దారు ఆఫీసుకి ఎదురుగా కొట్టు. జిరాక్స్, ల్యామినేషన్, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. ఊళ్ళో సగంమంది పుట్టిన తేదీలు నాకు నోటికొచ్చు. అందులో చాలావరకు జనవరి ఒకటి. ఆ జనవరి ఒకట్లలో కొన్నిటికి నేనే బాధ్యుణ్ణి, ఆ సంగతి కాసేపాగి చెప్తాను. ముందు మా అమ్మ గురించి.

మా అమ్మ రేషన్ కార్డులో సుబ్బమ్మ. ఓటరు కార్డులో వెంకట సుబ్బమ్మ. ఆధార్‌లో వెంకట సుబ్బాయమ్మ. నాన్న బ్యాంకు ఖాతాలో నామినీగా సుబ్బులు. ఇంటిపేరు ఇక్కడ రాయను. కార్డుల కొట్టు నడిపేవాణ్ణి, ఆ మాత్రం బుద్ధి ఉంది.

ఈ నాలుగు పేర్లూ ఎలా వచ్చాయో తలుచుకుంటే ఎవరినీ తప్పుపట్టబుద్ధి కాదు. రేషన్ కార్డు రాయడానికి వచ్చినప్పుడు అమ్మ పొగాకు అల్లకానికి పోయింది. ఇంట్లో ఉన్నది నాయనమ్మ. "మీ కోడలి పేరేంది?" అంటే "సుబ్బమ్మ" అంది. ఓటరు కార్డుకి నాన్న చెప్పాడు. ఆ ఫోటో కార్డులు పెట్టింది 1993లో, శేషన్ గారు ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు. మా ఊరికి ఎప్పుడొచ్చాయో గుర్తులేదుగానీ అమ్మ కార్డు మీద ఫోటో చూసి మా అక్క రెండ్రోజులు నవ్వింది. మొహం మీద నల్లటి మరక, ఆ మరకకి బొట్టు. ఇక ఆధార్ పేరు ఎక్కించింది నేనే.

2010 సెప్టెంబరు 29న మహారాష్ట్ర నందుర్బార్ జిల్లాలో టెంభ్లీ అనే ఊళ్ళో మొదటి ఆధార్ నెంబరు ఇచ్చారు. ఆ మరుసటి ఏడాదికల్లా మా మండలంలో క్యాంపులు మొదలయ్యాయి. ఆపరేటర్లు కావాలంటే పరీక్ష రాసి చేరాను. తలకింత అని ఇచ్చేవాళ్ళు. ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి గది. ఒక లాప్‌టాప్, నాలుగు వేళ్ళు ఒకేసారి పెట్టే వేలిముద్రల మిషను, బైనాక్యులర్ లాంటి కంటిపాప కెమెరా, వెనక తెల్లగుడ్డ, మొహం మీదికి ఒక దీపం. కూర్చున్న మనిషికి కనబడేలా ఇంకో తెర పెట్టాలి, నేను కొట్టేది వాళ్ళు చదివి తప్పుంటే చెప్పాలి. అదీ పద్ధతి. తెర పెట్టాం. చదివేవాళ్ళు కావాలి కదా! వచ్చినవాళ్ళలో చాలామంది ఆ తెరకేసి గుళ్ళో దేవుణ్ణి చూసినట్టు చూసి "బాగానే ఉంది నాయనా" అనేవారు.

అమ్మ వంతు వచ్చినప్పుడు, నా తల్లి పేరు పద్ధతిగా ఉండాలని నేనొక గొప్ప పని చేశాను. ట్రంకుపెట్టెలో వాళ్ళ పెళ్ళి శుభలేఖ ఉంది. అందులో 'చి.ల.సౌ. వెంకట సుబ్బాయమ్మ' అని అచ్చయింది. అదే కొట్టాను. ఇంగ్లీషులో కొడితే సాఫ్ట్‌వేరు దానంతటదే తెలుగులోకి మార్చేది. ఆ మార్చడంలో ఒక దీర్ఘం ఎగిరిపోయి తెలుగు వరసలో 'సుబ్బయమ్మ' అయింది. నేను చూసుకోలేదు. బయట వరసలో ఇంకా అరవైమంది ఉన్నారు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఆ విధంగా ఒకే కార్డులో ఇంగ్లీషులో ఒకావిడ, తెలుగులో ఇంకొకావిడ.

రసీదులో తప్పులుంటే 96 గంటల్లోపల దిద్దించుకోవచ్చని ఉండేది. అమ్మ రసీదుని కందిపప్పు డబ్బాలో దాచింది. నేనూ మళ్ళీ తీసి చూడలేదు.

వయసు అడిగితే "నలభై అయిదో యాభయ్యో రాసుకో" అంది. 47 కొట్టాను. పుట్టిన తేదీ తెలియకపోతే వయసు కొడితే చాలు, అది సంవత్సరం లెక్కగట్టుకునేది. తొలి కార్డుల మీద 'పుట్టిన సంవత్సరం: 1964' అని అంతవరకే ఉండేది. తర్వాత తర్వాత దాని ముందు జనవరి ఒకటి వచ్చి కూర్చుంది. అమ్మకి పెళ్ళయింది దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు. ఉప్పెన 1977 నవంబరు 19న. పెళ్ళి ఆ వేసవిలో. అంటే నేను రాసిన లెక్క ప్రకారం మా అమ్మ పదమూడేళ్ళ పెళ్ళికూతురు. మా నాన్న మీద కేసు పెట్టొచ్చు. నిజానికి అప్పటికి ఆమెకి పద్దెనిమిది దాటాయని మా పెద్దమ్మ ఖాయంగా చెప్తుంది.

ఆధార్ నెంబరులో పన్నెండు అంకెలుంటాయి కదా. చివరిది ఊరికే ఉన్న అంకె కాదు, మిగతా పదకొండిటికీ కాపలా. ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఆ చివరి అంకెతో పొసగదు, వెంటనే దొరికిపోతుంది. ఆ ఏర్పాటు గురించి శిక్షణలో విన్నప్పుడు నాకు ముచ్చటేసింది. ఇప్పుడు ఆలోచిస్తే, నెంబరుకి పెట్టిన కాపలా పేరుకి లేదు, వయసుకి లేదు. అవి నావంటివాడి చేతివేళ్ళ దయ.

అమ్మ విషయంలో వయసు తప్పు నవ్వులాటగా పోయింది. గొర్రెలు కాసుకునే ముసలాయన ఒకాయన ఉన్నాడు, ఆయన విషయంలో అలా పోలేదు. ఆయనా నా టేబుల్ ముందు కూర్చున్నవాడే. వయసు తెలియదన్నాడు. మనిషి ఎండకి ఎండి బిగువుగా ఉన్నాడు, జుట్టు నల్లగా ఉంది. 50 కొట్టేశాను. 2019లో ఆంధ్రలో వృద్ధాప్య పింఛను వయసు 65 నుంచి 60కి తగ్గించారు, నెలకి 2,250 చేశారు. ఆయన కార్డు పట్టుకుని కొట్టుకి వచ్చాడు. కార్డు ప్రకారం పుట్టింది 1961, ఇంకా 58. "ఉప్పెన నాటికి నాకు కొడుకు పుట్టాడు అబ్బాయ్, మందని ఒక్కణ్ణే తోలుకుపోయేవాణ్ణి" అన్నాడు. పదహారేళ్ళకి కొడుకు పుట్టడు కదా. నాకు అర్థమైంది. మార్పిద్దామంటే పుట్టిన తేదీకి కాగితం కావాలి. కాగితం లేకనే కదా అడిగి రాసింది! 2021 జనవరి ఒకటిన ఆయనకి కాగితం మీద అరవై నిండాయి. 2019 జూలై నుంచి లెక్కేస్తే పద్దెనిమిది నెలలు, 40,500 రూపాయలు. ఆ అంకె కొట్టింది నేనేనని ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. జిరాక్స్‌కి డబ్బులు మాత్రం తీసుకోను. ఎందుకో ఆయనకి అర్థంకాక, అప్పుడప్పుడూ సీసాలో మేకపాలు తెచ్చిపెట్టి పోతాడు.

ఇంతా చెప్పి కార్డులే దండగ అనను. మా తాతల కాలంలో మనిషికి గుర్తింపు కరణం నోట్లో ఉండేది. "ఫలానావాడి కొడుకే, నాకు తెలుసు" అని ఆయనంటే పని అయ్యేది, తల అడ్డంగా ఊపితే లేదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు ఎత్తేసేదాకా అంతే. ఆ తల అందరికీ ఒకేలా ఊగేది కాదు. ఊరి చివర పల్లె నుంచి ఒక పెద్దాయన మా కొట్టుకి వస్తుంటాడు. ఒక్క సంతకం కోసం కరణంగారి అరుగు కింద ఎండలో ఎన్ని పూటలు నిలబడ్డాడో, చెప్పులు ఎక్కడ విడిచేవాడో అన్నీ చెప్తాడు. ఆయన ఆధార్ కార్డుకి ల్యామినేషన్ మీద ల్యామినేషన్ చేయించుకున్నాడు. అది ఇప్పుడు అట్ట కన్నా మందంగా ఉంది, మిషనులో పట్టదు. ఆ కార్డు మీద ఆయనకున్న నమ్మకం చూస్తే, దాని లోపాల గురించి మాట్లాడటానికి నాకు నోరు రాదు. ఎవరి దయా అక్కర్లేకుండా 'నేను ఫలానా' అని చెప్పుకోవడం కొందరికి ఈ ముక్కతోనే వచ్చింది.

అలాగే మా ఊరి నుంచి హైదరాబాదుకి మేస్త్రీ పనులకి పోయిన కుటుంబాలు. ఒకప్పుడు నెలకోసారి బియ్యం కోసం ఒక మనిషి బస్సెక్కి రావలసి వచ్చేది. బియ్యం ఖరీదు కన్నా బస్సు చార్జీ ఎక్కువ. 2019 ఆగస్టులో ఆంధ్రకీ తెలంగాణకీ మధ్య రేషన్ ఎక్కడైనా తీసుకునే వీలు మొదలైంది. దేశం మొత్తానికి రాకముందు ప్రయోగంగా కలిపిన రాష్ట్రాల్లో మనవి ఒక జత. ఎల్బీనగర్లో వేలు పెడితే అక్కడే బియ్యం. కార్డు ఉన్నది అందుకు. మనల్ని ఎరిగిన మనిషి లేనిచోట, ఎరిగిన మనిషిలా మన పక్కన నిలబడటానికి.

అయితే వేలు పడాలి. మా వైపు ఆడవాళ్ళు పొగాకు అల్లే చేతులవాళ్ళు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పచ్చాకు కర్రలకి అల్లీ అల్లీ, జిగురు నల్లగా పట్టి, దాన్ని వదిలించడానికి తోమీ తోమీ, వేళ్ళ మీద గీతలు ఉన్నాయా అంటే ఉన్నాయి అన్నట్టు ఉంటాయి. ఆధార్ క్యాంపులోనే అమ్మ కుడిచేయి మూడుసార్లు పెట్టినా మిషను ఒప్పుకోలేదు. అలా కొన్నిసార్లు అయ్యాక 'వచ్చినంతే తీసుకో' అనే వీలు సాఫ్ట్‌వేరులో ఉండేది, దాంతో బయటపడ్డాం. తర్వాత రేషన్ షాపులో ఈపాస్ మిషను పెట్టాక తెలిసొచ్చింది. "వేలిముద్ర పడలేదు, రేపు రా" అనే మాట ఒక్కో నెల మూడుసార్లు వినేది. నిమ్మచెక్క రుద్దుకుని పోయేది. ఎవరో చెప్పారని తలకి రాసుకునే నూనె పూసుకుని పోయేది. డీలరు మాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవాడే, మా ఇంట్లో భోంచేసినవాడే. "సుబ్బక్కా, నువ్వే అని నాకు తెలుసు. దీనికి తెలియట్లేదు" అనేవాడు పాపం. కంటిపాప మిషను వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది.

పేర్ల గొడవ మన తెలుగువాళ్ళకి ఇంకాస్త ఎక్కువని నా అనుభవం. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు పొడి అక్షరం. ఫారాల్లో గళ్ళేమో ఇంగ్లీషువాళ్ళ వరస. 'చివరి పేరు' అనే గడిలో ఏం రాయాలో తెలియక, మన పేర్లో చివర ఉన్నది పెట్టిన పేరే కాబట్టి అదే రాసేస్తారు. పాన్ నెంబరు చూడండి. నాలుగో అక్షరం 'పి' అంటే మామూలు మనిషి అని, అయిదోది ఇంటిపేరు మొదటి అక్షరం. మా కొట్టుకి వచ్చే పాన్‌లలో అయిదో అక్షరం పెట్టిన పేరుదై ఉన్నవి బోలెడు. అలాంటిదే పాస్‌పోర్టులో జరిగి, ఒక గడి ఖాళీగా ఉండిపోయిన కుర్రాడొకడు అమెరికా పోయాడు. వీసా మీద అతని మొదటి పేరు స్థానంలో 'ఎఫ్.ఎన్.యు.' అని మూడక్షరాలు. మొదటి పేరు తెలియదు అని అర్థం. అక్కడ బ్యాంకులో అతన్ని "మిస్టర్ ఫ్నూ" అని పిలిచారట. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి "మావాడికి క్రిస్టియన్ పేరు పెట్టారంట, నిజమేనా బాబూ" అని అడిగింది.

సరే, అమ్మ సంగతి. 2023 కార్తీకమాసంలో నాన్న పోయాడు. ఆయన ఖాతాలో 43 వేల చిల్లర ఉంది. నామినీ ఉంది కాబట్టి నాలుగు రోజుల పనే అనుకున్నాను. కౌంటర్లో అమ్మాయి పాత ఫారం వెతికించి తీసింది, అమ్మ ఆధార్ పక్కన పెట్టింది, తల అడ్డంగా ఊపింది. "ఇందులో సుబ్బులు అని ఉందండీ. ఇందులో వెంకట సుబ్బాయమ్మ. ఇద్దరూ ఒకరేనని మాకెలా తెలుస్తుంది?" ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు. రేపు నిజంగా ఇంకో సుబ్బులు వస్తే సమాధానం చెప్పుకోవలసింది తనే. రేషన్ కార్డు చూపించాను, మూడో పేరు బయటపడింది. ఓటరు కార్డు చూపించి ఉండవలసింది కాదు.

నోటరీ అఫిడవిట్, ఇద్దరు సాక్షులు. ఇవి కావాలన్నారు. ఊళ్ళో వాళ్ళకి ఇలాంటివి నేను ఎన్ని కొట్టానో లెక్కలేదు. కంప్యూటర్లో నమూనా ఉంది, పేర్లు మార్చడమే. 'సుబ్బులు, సుబ్బమ్మ, వెంకట సుబ్బమ్మ, వెంకట సుబ్బాయమ్మ అను పేర్లు గల వ్యక్తులు వేర్వేరు వ్యక్తులు కారనియు, అవి అన్నియు నా పేర్లేననియు ఇందుమూలముగా ప్రమాణ పూర్వకముగా...' స్టాంపు పేపరు మీద ప్రింటు తీసి అమ్మకి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "మీ నాన్న పిలిచే పేరు లేదే ఇందులో" అంది.

నాన్న అమ్మని పేరుతో పిలవగా నేనెప్పుడూ వినలేదు. "ఏమే" అనేవాడు, పక్కన ఎవరైనా ఉంటే "ఇదుగో" అనేవాడు. నలభై ఆరేళ్ళు అంతే.

సాక్షుల్లో ఒకరు రేషన్ డీలరు. రెండోవారు రిటైరైన పోస్టుమాన్. మా ఊళ్ళో ఇంటి నెంబర్లు ఎవరికీ తెలియని రోజుల్లో ఆయన ఉత్తరాలు పంచాడు. ఇంటిపేరు లేకపోయినా, ఊరు పేరు తప్పున్నా సరైన గుమ్మంలో వేసేవాడు. ఆధార్లు పోస్టులో వచ్చినప్పుడు అమ్మ కార్డు తెచ్చి "ఈ సుబ్బాయమ్మ ఎవరబ్బా అనుకున్నా, ఫోటో చూస్తే నువ్వు" అన్నది ఆయనే. మూడు కార్డులూ తేల్చలేని విషయం ఆయన ఒక్క సంతకంతో తేలుతుందని నాకు కాస్త గర్వంగా అనిపించింది. సంతకం పెట్టాక కౌంటర్లో అమ్మాయి "సాక్షుల ఆధార్ జిరాక్సులు కూడా ఇవ్వండి" అంది. ఆయన జేబులు తడుముకున్నాడు. ఆయన కార్డు నా పచ్చడి సీసాలో ఉంది.

జిరాక్సులంటే ఒక మాట. ఇచ్చే ప్రతి కాపీ మీదా ఎందుకిస్తున్నారో అడ్డంగా రాసి, సంతకం, తేదీ వేయండి. నెంబరంతా అక్కర్లేనిచోట చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ దింపుకుని ఇవ్వండి. 2022 మేలో ఇలాంటి జాగ్రత్తే చెప్తూ బెంగళూరు ఆధార్ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చి, జనం కంగారుపడేసరికి రెండ్రోజుల్లో వెనక్కి తీసుకుంది. ప్రకటన పోయినా జాగ్రత్త మంచిదే. టీ కొట్లో బజ్జీలు చుట్టిన కాగితం ఒకసారి విప్పి చూస్తే మా పక్కవీధి ఆయన ఆధార్ కాపీ. నా దగ్గర తీసినదే, ఆ మూలన పడే నల్లగీత నా మిషనుదే.

డబ్బులు పదకొండు రోజులకి అమ్మ ఖాతాలో పడ్డాయి. ఆ పనయ్యాక, ఇన్నాళ్ళూ వాయిదా వేస్తున్నది మొదలుపెట్టాను. అన్నిటిలోనూ ఒకే పేరు పెట్టించేయాలని, రేషన్ కార్డు నుంచి దరఖాస్తు నింపడానికి కూర్చున్నాను. ఏ పేరు ఉంచమంటావని అమ్మని అడిగాను. నీ ఇష్టం అంటుందనుకున్నా.

"బ్యాంకులో ఆ పాత కాయితం ఉంది చూడు, అది రాసింది మీ నాన్నేనా?"

ఆయనే. తెలుగులో, పెన్సిల్ గీత గీసుకుని దాని మీద అక్షరాలు పేర్చినట్టు రాస్తాడు నాన్న. నామినీ పేరు అన్నచోట 'సుబ్బులు' అని ఉంది. సంబంధం అన్నచోట 'భార్య'.

"సుబ్బులు అని మా అమ్మ పిలిచేది నన్ను. ఇక్కడికొచ్చాక ఎవరూ పిలవలేదు. ఆయనకెట్టా తెలుసో!"

మర్నాడు బ్యాంకుకి పోయి, ఆ ఫారం ఇవ్వలేరు కాబట్టి కాపీ అయినా ఇమ్మని అడిగాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ఆ అమ్మాయి నా మొహం చూసి, ఇంకేం అడక్కుండా తీసి ఇచ్చింది. వాళ్ళ మిషనులో టోనర్ అయిపోవచ్చినట్టుంది, అక్షరాలు పలచగా పడ్డాయి. కొట్టుకి తెచ్చి ముదురుగా వచ్చేలా పెట్టి ఇంకో కాపీ తీసి, ల్యామినేషన్ చేసి ఇచ్చాను. ట్రంకుపెట్టెలో శుభలేఖ పక్కన పెట్టుకుంది. పేరు మార్పు దరఖాస్తు సగం నింపి అలాగే ఉంది.